హెడ్డు చెప్పిన సాక్ష్యం

(విజయవాడలో మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు పోయిన వారం నాకు ఫోను చేసి, "కరువు భత్యం బకాయిల మీద ఇద్దరు మాట్లాడుతున్నారు, మెడికల్ బిల్లుల మీద ఒకరు మాట్లాడుతున్నారు. మీరు ఇంకేదైనా చెప్పండి" అన్నారు. ఇంకేదైనా అంటే నా దగ్గర ఉన్నది నా కారు ఒక్కటే. అందులోనూ ఈ ఏడాది ఆ కారు ఇంజను మొత్తం విప్పి మళ్ళీ కట్టించాల్సి వచ్చింది. ఆ సందర్భంలో నేను చేసిన ఒక పొరపాటు, అన్న ఒక మాట మీ ముందు పెట్టాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. కాబట్టి అదే చెబుతాను. కొంచెం ఇనుము, చమురు కంపు కొడుతుంది. ఓపిక పట్టవలసిందిగా మనవి.

నేను నీటిపారుదల శాఖలో గుమాస్తాగా పనిచేసి 2008లో రిటైరయ్యానని మీలో చాలామందికి తెలుసు. బందరు కాలవకు ఎన్ని క్యూసెక్కులు వదిలారు, ఏలూరు కాలవలో మట్టం ఎంత ఉంది, ఏ లాకు దగ్గర తలుపు కారుతోంది, ఇవే నా జీవితమంతా రాసిన ఫైళ్ళు. నీళ్ళ మీద ఇంత కాగితం ఖరాబు చేసినవాణ్ణి, నా కారులో ఏ నీళ్ళు పోయాలో మాత్రం తెలుసుకోలేకపోయాను. అసలు కథ ఇదే, మిగతాది వివరం.

కారు ప్రీమియర్ పద్మిని, 1992 మోడలు. మన తరం వాళ్ళకు అది ఫియట్టే. ఇటలీ వారి ఫియట్ 1100 అనే బండిని బొంబాయిలో ప్రీమియర్ కంపెనీ వారు 1950వ దశకం నుంచి తయారుచేశారు. 1970వ దశకంలో దానికి పద్మిని అని పేరు పెట్టారు. 2000 ప్రాంతంలో తయారీ ఆగిపోయింది. బొంబాయిలో నలుపు పసుపు రంగుల పద్మిని టాక్సీలు కూడా 2023 అక్టోబరుతో రోడ్డు మీద నుంచి వెళ్ళిపోయాయి. నేను నా గ్రాట్యుటీ సొమ్ములోంచి కొంత తీసి ఈ బండిని సెకండ్ హాండులో కొన్నాను. మా నాన్నగారు జీవితమంతా సైకిలు తొక్కారు. మా ఇంట్లో కారు అనేది ఇదే మొదటిది. రిజిస్ట్రేషను పొడిగింపు ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయలను 5,000 చేసినా, మారు మాట్లాడకుండా కట్టాను. 2025లో ఇరవై ఏళ్ళు దాటిన కార్లకు దాన్ని 10,000 చేశారు. నా వంతు 2027లో వస్తుంది. అప్పటి సంగతి అప్పుడు చూద్దాం.

ఈ బండి బాగోగులు చూసేది ఆటోనగర్లో ఒక భాయ్. ఆయన వయసు అరవై దాటింది. నన్ను గుమాస్తా గారూ అంటాడు, నేను భాయ్ అంటాను. పదిహేనేళ్ళ పైచిలుకు పరిచయం. మన జవహర్ ఆటోనగర్ సంగతి బయటి ఊళ్ళ వాళ్ళకు చెబితే నమ్మరు. 1960వ దశకంలో, ఊళ్ళో రోడ్ల పక్కన లారీలు విప్పుకుని కూర్చున్న మెకానిక్కులందరికీ ఊరి బయట చోటు చూపించారు. ఇప్పుడు ఊరే దాన్ని దాటి పోయింది. అక్కడ ఒక్కో కొట్టుకు ఒక్కో పని. కమాన్ కట్టలు చూసేవాడు రేడియేటరు ముట్టుకోడు. క్రాంకు గ్రైండింగు చేసేవాడు హెడ్డు చూడడు. పై సెక్షను ఫైలు కింది సెక్షను వాడు తెరవనట్టే. తేడా ఏమిటంటే అక్కడ ఫైలు సాయంత్రానికల్లా కదులుతుంది.

జనవరిలో బండికి రింగులు, హెడ్ గ్యాస్కెట్టు మార్చాడు భాయ్. అప్పుడే హెడ్డు తిప్పి నాకు చూపించి, "నీళ్ళ దారులు చూడండి, ఎలా తినేసిందో. ఇక మీదట బోరు నీళ్ళు పోయకండి. డిస్టిల్డ్ వాటరు, కూలెంటు కలిపి పోయండి. ఇంకొకసారి ఇలా తింటే నేనేం చేయలేను" అన్నాడు. నేను తల ఊపాను. పై ఆఫీసు నుంచి వచ్చిన మెమోకు 'చూశాను' అని సంతకం పెట్టి ఫైల్లో తోసేసినట్టు, అంతే. డబ్బా కూలెంటు నాలుగు వందలు. మా అపార్టుమెంటు పంపు నీళ్ళు ఉచితం. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ మూడు నెలలూ ఆ నాలుగు వందలూ మిగిల్చాను.

మే నెలలో అవనిగడ్డ వైపు మా పెద్దక్కయ్యను చూడడానికి వెళ్ళాము. తిరుగు ప్రయాణానికి ముందు బానెట్టు ఎత్తి చూస్తే రేడియేటరులో నీళ్ళు తక్కువగా ఉన్నాయి. రబ్బరు గొట్టం బిగింపు దగ్గర చెమట పట్టినట్టు కారుతోంది. అక్కయ్య వాళ్ళ పెరట్లో బోరు కొట్టి బకెట్టుతో పోశాను. దివిసీమ బోరు నీళ్ళు ఎలా ఉంటాయో మీకు చెప్పాలా? పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. ఆ నీళ్ళు నేను తాగను, అక్కయ్య కూడా తాగదు, డబ్బా నీళ్ళు కొనుక్కుంటుంది. కారుకు మాత్రం పోశాను.

కూచిపూడి దాటాక ముల్లు ఎర్ర గీత వైపు పోతోంది. మా ఇంటావిడ, "ఏమండీ, ఏదో కాలిన వాసన వస్తోంది" అంది. "పొలాల్లో గడ్డి తగలబెడుతున్నారులే" అన్నాను. పామర్రు చేరేసరికి బానెట్టు సందుల్లోంచి ఆవిరి కక్కింది. ఒక సోడా బడ్డీ ముందు ఆపాను. బడ్డీ కుర్రవాడు పాపం సాయం చేద్దామని ఐసు పెట్టెలో నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. గుడ్డ పట్టుకుని మూత తిప్పి, పొంగు తగ్గగానే, ఇంజను ఆపి పది నిమిషాలు కూడా కాకుండానే, ఆ చల్లటి నీళ్ళు లోపలికి పోశాను. లోపల ఎక్కడో 'టిక్' మని చిన్న చప్పుడు వినిపించింది. అప్పుడు దాన్ని పట్టించుకోలేదు. ఇప్పుడు అప్పుడప్పుడు రాత్రిళ్ళు గుర్తుకొస్తుంది.

అక్కడినుంచి వెనక తెల్లటి పొగ కక్కుకుంటూ ఉయ్యూరు దాకా ఈడ్చుకొచ్చాను. అది కూడా చేయకూడదు. ఉయ్యూరులో ఇక కదలలేదు. ఒక చిన్న లారీ వెనక తాడు కట్టించుకుని ఆటోనగర్ చేరాము. ఇంటావిడను ఆటో ఎక్కించి పంపించి, నేను భాయ్ దగ్గరికి వెళ్ళాను.

వెళ్ళినవాణ్ణి ఊరుకోకుండా, నలుగురు బేరగాళ్ళు, ఇద్దరు పని కుర్రాళ్ళు వింటుండగా, "నాలుగు నెలలు కాలేదు, గ్యాస్కెట్టు పోయింది. నాసిరకం మాలు వేసి పెన్షను మీద బతికేవాడి దగ్గర ఒరిజినల్ డబ్బులు తీసుకున్నావు" అన్నాను. ఏకవచనంలో అన్నాను. పదిహేనేళ్ళలో ఎన్నడూ అనలేదు.

ఆయన ఆయిలు గేజి కడ్డీ తీసి చూశాడు. పాలెక్కువైన టీ రంగులో ఉంది, నురగతో సహా. కడ్డీ నాకు చూపించి, "రేపు పొద్దున్న చల్లారాక హెడ్డు దించుతాను. మీరు వచ్చి ఎదురుగా కూర్చోండి గుమాస్తా గారూ. గ్యాస్కెట్టు తప్పయితే రూపాయి తీసుకోను" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట లేదు.

హెడ్డంటే ఏమిటో సోదరీమణులకు ఒక్క ముక్కలో చెబుతాను. ఇంజనులో నాలుగు సిలిండర్లున్న కింది భాగం కుక్కరు గిన్నె అనుకోండి. దాని మూత హెడ్డు. రెంటికీ మధ్య గ్యాస్కెట్టు. కాకపోతే మన కుక్కరులో కంటే ఇక్కడ పీడనం పదుల రెట్లు ఎక్కువ. ఆ మూతలోనే పెట్రోలు వచ్చే దారి, పొగ పోయే దారి, వాల్వులు, ప్లగ్గులు, చల్లబరిచే నీళ్ళ దారులూ ఉంటాయి. మన ఫియట్టులో గిన్నె పోత ఇనుము, మూత అల్యూమినియం. అల్యూమినియం తేలిక, వేడిని తొందరగా వదులుతుంది. కానీ అదే వేడికి ఇనుము కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. మామూలు వేడిలో మధ్యనున్న గ్యాస్కెట్టు సర్దుకుపోతుంది. వేడి మితిమీరితే మూత పక్కలకు సాగడానికి బోల్టులు ఒప్పుకోవు, అప్పుడది వంకర తిరుగుతుంది.

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికే వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాను, విచారణాధికారి లాగా. భాయ్ బోల్టులన్నీ చివరల నుంచి మధ్యకు, ఒక్కొక్కటి కొంచెం కొంచెంగా వదులు చేశాడు. హెడ్డు ఎత్తి బల్ల మీద బోర్లా పెట్టాడు. ముందు గ్యాస్కెట్టు తీసి నా చేతికిచ్చాడు. సిలిండర్ల చుట్టూ ఉండే రేకు కట్టు నాలుగింటికీ చెక్కుచెదరలేదు. మూడో సిలిండరు పక్కన మాత్రం అచ్చు సరిగా పడలేదు. అంటే అక్కడ మూత పైకి లేచింది, గ్యాస్కెట్టు చిరగలేదు.

తరువాత హెడ్డు. నీళ్ళ రంధ్రాల అంచులు చెద తిన్న రిజిస్టరు అంచుల్లాగా ఉన్నాయి. థర్మోస్టాటు ఉండే గూడు చుట్టూ ఉప్పు మడిలో లాగా తెల్లటి పెచ్చులు. ఇనుము ఒక పక్క, అల్యూమినియం ఒక పక్క, మధ్యలో ఉప్పు నీళ్ళు ఉంటే అదొక చిన్న బ్యాటరీ అయిపోతుందట. బ్యాటరీ నడిచినంత కాలం అల్యూమినియం కరుగుతూనే ఉంటుంది. పైగా గోడలకు పట్టిన పెచ్చు, వేడిని నీళ్ళలోకి పోనివ్వదు. నేను పోసిన ప్రతి బకెట్టూ అక్కడ లెక్క రాసి పెట్టి ఉంది.

వంకర కొలవడానికి ఉక్కు బద్ద హెడ్డు మీద నిలబెట్టి, కింద సందులో ఫీలర్ గేజి దూర్చాడు. అది సన్నటి ఉక్కు రేకుల కట్ట. మెకానిక్కులు థౌ అంటారు, అంగుళంలో వెయ్యోవంతు. మన ఆఫీసు తెల్లకాగితం మందం సుమారు నాలుగు థౌ. హెడ్డు మీద రెండు థౌ దాటితే అనుమానించాలి. నా హెడ్డు మధ్యలో తొమ్మిది దూరింది. రెండు కాగితాలు జారిపోయేంత.

చివరికి బీట. వాల్వుల మధ్య కిరసనాయిలు పూసి, కాసేపాగి గుడ్డతో శుభ్రంగా తుడిచి, సుద్దపొడి చల్లాడు. మూడో సిలిండరు గదిలో రెండు వాల్వు సీట్ల మధ్య సుద్ద మీద తడి గీత ఒకటి నెమ్మదిగా తేలింది. వెంట్రుకంత. కాగిన గాజు గ్లాసులో ఐసు నీళ్ళు పోస్తే ఏమవుతుందో అదే. పామర్రులో విన్న 'టిక్' అదేనని అప్పుడు తెలిసింది.

భాయ్ నా వైపు చూసి, "ఎక్కడి నీళ్ళు పోశారు గుమాస్తా గారూ?" అని అడిగాడు. ఎగతాళి లేదు, నిజంగానే అడిగాడు. చెప్పాను. అన్నీ చెప్పాను. క్షమించమని మాత్రం ఆ రోజు నోరు పెగల్లేదు.

ఇంటికొచ్చి హైదరాబాదులో మా అబ్బాయికి ఫోను చేస్తే, "నాన్నా, తుక్కుకి ఇచ్చేయండి. ఆ డబ్బుతో మీరూ అమ్మా ఎన్నిసార్లు క్యాబు ఎక్కొచ్చో లెక్క వేయండి" అన్నాడు. లెక్క వేశాను. వాడి మాటే నిజం. అయినా మర్నాడు మళ్ళీ ఆటోనగర్ వెళ్ళాను.

కొత్త హెడ్డు ఆటోనగర్ మొత్తం వెతికినా లేదు. పాతది ఒకటి తుక్కు కొట్టులో దొరికింది. భాయ్ దాన్ని కొననివ్వలేదు, ముందు పరీక్షించాలన్నాడు. నీళ్ళ రంధ్రాలన్నీ రబ్బరు, రేకు పెట్టి మూసి, లోపలికి గాలి కొట్టి, నీళ్ళ తొట్టిలో ముంచారు. పంక్చరు కొట్టులో ట్యూబు ముంచినట్టే. రెండు చోట్ల బుడగలు వచ్చాయి. అదీగాక, ఎవరో అప్పటికే రెండు మూడుసార్లు ఫేసింగు కొట్టించి పల్చగా చేసేశారు. హెడ్డు ఎంత అరగదీస్తే పెట్రోలు మండే గది అంత చిన్నదవుతుంది. ఒత్తిడి పెరిగి ఇంజను కొట్టుకుంటుంది. కాబట్టి దానికంటే నా హెడ్డే నయమని తేలింది.

ఆర్గాన్ వెల్డింగు చేసే మనిషి వేరే వీధిలో ఉన్నాడు. ఆయన ముందే, "అతుకుతాను, గ్యారంటీ ఇవ్వను. పాత అల్యూమినియానికి ఎవరైనా గ్యారంటీ ఇస్తే వాడి దగ్గరికి వెళ్ళకండి" అన్నాడు. నాకు ఆ మాట నచ్చింది. అల్యూమినియం వెల్డింగు ఇనుము లాంటిది కాదు. ఇనుము కాలితే ఎర్రబడి హెచ్చరిస్తుంది. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర, రంగు మారకుండానే, ఉన్నట్టుండి జారిపోతుంది. ముందు హెడ్డును మందు నీళ్ళలో ఉడికించి ఏళ్ళ తరబడి ఇంకిన నూనె వదలగొట్టారు. బీట రెండు చివరలా సన్న రంధ్రాలు వేశారు, అది ఇంకా పాకకుండా. తరువాత బీట పొడవునా గాడి తీశారు. పైపైన పూస్తే లోపల పగులు అలాగే ఉంటుంది, అడుగు దాకా తవ్వి నింపాలి. హెడ్డు మొత్తాన్ని పొయ్యిలో వేడి చేసి, సిలికాన్ కలిసిన అల్యూమినియం కడ్డీతో నింపుకుంటూ వచ్చారు. తినేసిన నీళ్ళ రంధ్రాల అంచులు కూడా అలాగే పెంచారు. అవగానే ఊక బూడిదలో పాతిపెట్టారు, మర్నాటిదాకా నెమ్మదిగా చల్లారడానికి. త్వరగా చల్లారితే అతుకు పక్కనే కొత్త బీట పుడుతుంది. మర్నాడు మళ్ళీ తొట్టిలో ముంచారు. నేను బుడగల కోసం చూస్తూ ఊపిరి బిగబట్టాను. రాలేదు.

తరువాత ఫేసింగు. అతుకు ఎత్తు, వంకర రెండూ పోయేంత మాత్రమే, తక్కువ తక్కువగా నాలుగుసార్లు తీశారు. నాలుగు గదుల్లోనూ మందుల షాపు సిరంజితో నూనె పోసి కొలిచి, ఒకదానికొకటి సమానంగా ఉన్నాయో లేదో చూశారు. మూడో గది వాల్వు సీట్లు రెండూ కొత్తవి దించారు. హెడ్డును వేడి చేసి, సీటును చల్లబరిచి దించితే, రెండూ మామూలు వేడికి వచ్చాక వాటిని ఎవరూ ఊడదీయలేరు.

వాల్వులను సీట్లకు రుద్ది కూర్చోబెట్టే పని భాయ్ నాకిచ్చాడు. అది కుర్రాళ్ళ పని. ఎందుకిచ్చాడో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. చివర రబ్బరు గిన్నె ఉన్న కర్రను వాల్వుకు అతికించి, అంచున గరుకు పేస్టు రాసి, రెండు అరచేతుల మధ్య కవ్వం తిప్పినట్టు అటూ ఇటూ తిప్పాలి. అప్పుడప్పుడు ఎత్తి, చోటు మార్చి మళ్ళీ తిప్పాలి. అంచు చుట్టూ ఎక్కడా తెగకుండా బూడిద రంగు ఉంగరం పడాలి. ఎనిమిది వాల్వులకు నాకు రెండు రోజులు పట్టింది. అయ్యాక గదుల్లో కిరసనాయిలు పోసి అరగంట వదిలారు. ఏడో వాల్వు కింద చెమ్మ కనపడింది.

అప్పటికి టీ వచ్చింది. ఆ రోజు నా మాట విన్న కుర్రాళ్ళిద్దరూ ఉన్నారు, బేరగాళ్ళలో ఒకాయన కూడా ఉన్నాడు. లేచి నిలబడి, "భాయ్, ఆ రోజు మిమ్మల్ని అందరి ముందూ అన్న మాట తప్పు. గ్యాస్కెట్టు మంచిదే. మీరు జనవరిలో చెప్పింది నేను వినలేదు. ఇదీ అందరి ముందే చెబుతున్నాను" అన్నాను. ఆయన గ్లాసులోంచి తల ఎత్తకుండా, "ఏడో వాల్వు ఇంకా కారుతోంది గుమాస్తా గారూ, ముందు అది చూడండి" అన్నాడు. చూశాను. ఇంకో గంట తిప్పాను.

కింది భాగం సంగతి క్లుప్తంగా చెబుతాను. నీళ్ళు కలిసిన ఆయిలుతో ఉయ్యూరు దాకా నడిపినందుకు బేరింగులు గీతలు పడ్డాయి, మార్చారు. క్రాంకు పాలిషు చేయిస్తే సరిపోయింది. ఉయ్యూరులో బండి తనంతట తాను ఆగి ఉండకపోతే అదీ పోయేదే.

హెడ్డు ఎక్కించేటప్పుడు బోల్టులు మధ్య నుంచి చివరలకు, మూడు విడతలుగా, టార్కు రెంచితో కంపెనీ పుస్తకంలో ఉన్న అంకెకు బిగించారు. స్టార్టు చేస్తే మొదట తెల్ల పొగ వచ్చింది. నా గుండె జారింది. పాత నీళ్ళు సైలెన్సరులో మిగిలాయని చెప్పాడు భాయ్. పది నిమిషాల్లో పొగ ఆగింది.

బిల్లు అడుగుతున్నారు ముందు వరసలో. వెల్డింగు 4,000, ఫేసింగు 1,500, వాల్వులు సీట్లు గైడులు 6,800, గ్యాస్కెట్టు సెట్టు 1,600, బేరింగులు ఆయిలు 5,500, మజూరీ 8,000. మొత్తం 27,400 రూపాయలు. మా ఇంటావిడ దీన్ని చూసి, "కూలెంటు డబ్బా నాలుగు వందలు కదూ" అని ఊరుకుంది.

మీలో పాత బండి ఉన్నవాళ్ళు నెలకోసారి ఆయిలు కడ్డీ తీసి రంగు చూడండి. రేడియేటరు మూత చల్లారాకే తీయండి. తప్పనిసరై నీళ్ళు పోయవలసివస్తే, ముందు బండిని గంటసేపు ఆపి, ఎవరు తొందరపెట్టినా వినకండి. నా డిక్కీలో ఇప్పుడు రెండు డబ్బాలున్నాయి, ఒకటి డిస్టిల్డ్ వాటరు, ఒకటి కూలెంటు. తాగే నీళ్ళ సీసా వేరేగా ఉంటుంది.

అయిదు వందల కిలోమీటర్లు తిరిగాక హెడ్డు బోల్టులు మరోసారి బిగించాలని భాయ్ చెప్పాడు. నిన్నటికి 480 అయ్యాయి. ఈసారి మెమో ఫైల్లో పెట్టకుండా సోమవారం పొద్దున్నే వెళుతున్నాను. పటమట మీదుగానే పోతాను కాబట్టి అటువైపు ట్రెజరీ పనో, ఆసుపత్రి పనో ఉన్నవాళ్ళు చెప్పండి, వెనక సీటులో ముగ్గురికి చోటుంది.